సరుకుల సంచి తర్వాత, ముందు నాలుగిళ్ల తలుపు తట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ విచారణలో, అంటే మీ గుడి పరిధిలోని కతోలిక సంఘంలో, పదిమంది దాకా కలిసి పేద కుటుంబాలకూ, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకూ ఏదైనా చేద్దామనుకున్నారు. పోయిన క్రిస్మస్‌కి గుడి ముందు లైను కట్టించి సరుకుల సంచులు పంచారు, ఫొటోలు తీసి నోటీసు బోర్డు మీద పెట్టారు. జనవరి వచ్చేసరికి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు. ఈసారి మధ్యలో ఆగిపోకూడదంటే ముందు విరాళాలు పోగుచేయాలా, మనుషుల్ని పోగుచేయాలా? పేదల ఇళ్లకు వెళ్లి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సొసైటీ లాంటి కతోలిక సంస్థలో చేరాలా, విడిగా ఉండాలా?

విచారణ సేవా బృందాల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్న మనిషిగా చెబుతున్నాను. డబ్బూ మనుషులూ తర్వాత, ముందు వెళ్లాల్సిన ఇళ్లు తేల్చుకోండి. నాలుగైదు చాలు. ఏ ఇంటికి ఎవరెవరు ఏ రోజు వెళ్తారో తేలితే, డబ్బెంత కావాలో మనుషులెందరు కావాలో దానంతటదే తెలుస్తుంది. దీన్ని తలకిందులు చేసిన బృందాలు నేను చూసినంతలో ఒకేలా ఆగిపోయాయి. చేతిలో డబ్బుంది కాబట్టి ఏదో ఒకటి కొంటారు, కొన్నారు కాబట్టి పంచుతారు, పంచేశారు కాబట్టి ఇక పని లేదు.

ఇది మీ ఒక్కరికే వచ్చిన ఇబ్బంది కాదు. 1617 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని షతియోన్ అనే చిన్న ఊరికి విన్సెంట్ డి పాల్ విచారణ గురువుగా, అంటే ఫాదర్‌గా ఉన్నారు. ఒక ఆదివారం పూజకు సిద్ధమవుతుంటే కబురొచ్చింది, ఊరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బున పడ్డారు, ఒకరికొకరు మంచినీళ్లు అందించుకునే దిక్కు కూడా లేదు అని. ఆయన ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. మధ్యాహ్నం తానూ చూసొద్దామని బయల్దేరితే దారి పొడవునా జనమే. వెళ్లేవాళ్లు, తిరిగొచ్చేవాళ్లు, ఎండకు తాళలేక దారి పక్కన కూలబడ్డవాళ్లు. ఆ ఇంటికి చేరింది అవసరానికి మించిన తిండి. ఇంకొకరైతే తన ప్రసంగానికి తానే మురిసిపోయేవారు. ఆయనకు తట్టింది వేరు. ఇదంతా ఇవాళ ఒక్కరోజే వచ్చింది, కొంత పాడైపోతుంది, నాలుగు రోజులు పోతే వీళ్ల గతి మళ్లీ మొదటికే. జనానికి దయకు లోటు లేదు, లేనిదల్లా ఒక వరస. ఆ నెలలోనే ఊళ్లోని కొందరు స్త్రీలను కూర్చోబెట్టి వంతులు వేశారు. అదే ఏడాది డిసెంబరు 8న ఆ సంఘం లాంఛనంగా ఏర్పడింది.

దానికి ఆయన రాసిన నియమావళిలో పని ఎలా చేయాలో పూసగుచ్చినట్టు ఉంటుంది. రోగికి భోజనం తీసుకెళ్లిన మనిషి ముందు ఆప్యాయంగా పలకరించాలి, మంచం మీద పళ్లెం సర్దాలి, గుడ్డ పరచాలి, చేతులు కడిగించాలి, మాంసం ముక్కలు చేసిపెట్టాలి, తినేలా బుజ్జగించాలి. వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇంట్లో తోడున్న రోగితో మొదలుపెట్టి, ఎవరూ లేని రోగి దగ్గర ముగించాలట. అలాగైతేనే ఒంటరివాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోవడానికి వీలవుతుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట, మీరు వేసుకోబోయే వంతుల పట్టికలో ఉన్నదున్నట్టు పెట్టుకోవచ్చు. మేం పెట్టుకున్నాం.

ఇక ఇళ్లు ఎలా దొరుకుతాయి? పూజ అయ్యాక మైకులో ప్రకటన మాత్రం చేయించకండి. ప్రకటన విని వచ్చేవాళ్లలో నిజమైన అవసరం ఉన్నవాళ్లూ ఉంటారు, కానీ నోరు తెరిచి అడగలేనివాళ్లు దానికి దొరకరు, మీరు వెతకాల్సింది ముఖ్యంగా వాళ్లనే. మంచాన పడ్డవాళ్లకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) తీసుకెళ్లేవాళ్లను అడగండి, వాళ్లకు తెలియని ఇల్లుండదు. ప్రతి ఆదివారం అదే బల్ల మీద అదే చివర కూర్చుని, ఈమధ్య కనిపించకుండా పోయిన తాతగారు ఎవరో ఆలోచించండి. ప్రతి విచారణలోనూ మరణాల రిజిస్టరు ఉంటుంది. ఫాదర్ గారి అనుమతితో పోయిన ఏడాది పేజీలు చూస్తే, ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయిన భార్యో భర్తో ఎవరో తేలుతుంది. సమాధి చేసిన రోజు ఇల్లు పట్టనంత మంది వస్తారు. మూడో నెలకి ఆ గడప తొక్కేవాళ్లుండరు. మీరు వెళ్లాల్సింది ఆ మూడో నెలలో.

ఒక హెచ్చరిక. ఇళ్లు ఎంచుకున్న మర్నాటి నుంచే "వాళ్ల వాళ్లకే చేసుకుంటున్నారు" అన్న మాట బయల్దేరుతుంది. ఆ మాట క్రైస్తవ సంఘం పుట్టినప్పటి నుంచీ ఉంది. బైబిల్లో అపోస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తీయండి. రోజువారీ పంపిణీలో గ్రీకు మాట్లాడే వితంతువులను పట్టించుకోవడం లేదని సణుగుడు లేచింది. అపోస్తలులు, అంటే యేసు ముఖ్య శిష్యులు, ఆ సణుగుడును కొట్టిపారేయకుండా, ఆ పని చూడ్డానికి ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపు వాళ్లకే పెత్తనం ఇచ్చినట్టు నాకనిపిస్తుంది. కాబట్టి మీ బృందంలో ఉద్యోగస్తులూ చదువుకున్నవాళ్లే కాకుండా, మీరు సాయం చేద్దామనుకుంటున్న వాడల నుంచి కూడా ఒకరిద్దరిని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో మీకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఇందులో మినహాయింపు వద్దు. 1833 ఏప్రిల్ 23న పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, ఆయన తోటి విద్యార్థులు కొందరు, ఎమ్మానుయేల్ బయ్యీ అనే పెద్దాయనతో కలిసి విన్సెంట్ డి పాల్ సొసైటీ మొదలుపెట్టారు. ఆ రోజుకి ఓజనామ్‌కి సరిగ్గా ఇరవై ఏళ్లు. చర్చల్లో క్రైస్తవం గొప్పతనం గురించి వాదిస్తుంటే, "ఒకప్పుడు చేశారు సరే, ఇప్పుడు మీరేం చేస్తున్నారు?" అని అవతలివాళ్లు నిలదీశారట. ఆ కుర్రాళ్ల దగ్గర డబ్బూ లేదు, అనుభవమూ లేదు. ఏం చేయాలో తోచక, పేటలోని పేదలందరూ ఎరిగిన సిస్టర్ రోజలీ రెండ్యూ దగ్గరికి వెళ్లారు. ఆమె వాళ్ల చేతికి కొన్ని కుటుంబాల చిరునామాలిచ్చి పంపింది. ఇవాళ దాదాపు 150 దేశాల్లో ఉన్న ఆ సొసైటీలో ముఖ్యమైన పని ఇప్పటికీ అదే, ఇంటికి వెళ్లి పలకరించడం.

ఇద్దరెందుకంటే, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఇల్లు చూస్తారు. రేపు ఏదైనా మాట వస్తే సాక్ష్యం కూడా ఉంటుంది. మేం వెళ్లే ఒక అమ్మమ్మగారు ఎప్పుడు అడిగినా "నాకేం తక్కువమ్మా, అన్నీ ఉన్నాయి" అనేవారు. నిజంగానే డబ్బాల్లో సరుకులుండేవి. ఒకసారి మాలో ఒకావిడ కిటికీ దగ్గరున్న మందుల స్ట్రిప్ చేతిలోకి తీసుకుని చూసింది. ఒక్కో గుంటలో సగం మాత్రే ఉంది. బీపీ మాత్రను చాకుతో రెండు ముక్కలు చేసి, ఇవాళ సగం, రేపు సగం వేసుకుంటున్నారు, నెలాఖరు దాకా రావాలని. ఆవిడ ఇంటికి ఎన్ని సంచులు మోసినా ఆ సంగతి బయటపడేది కాదు. మందుల షాపు బిల్లు నేరుగా కట్టేలా మాట్లాడాం, డాక్టరు దగ్గరికి ఒకరు తోడు వెళ్లారు, అంతే.

అందుకే, మొదటిసారి వెళ్లినప్పుడు చేతిలో సంచి వద్దంటాను నేను. దీనితో ఒప్పుకోనివాళ్లు మా బృందంలోనే ఉన్నారు, ఖాళీ చేతులతో ఎలా వెళ్తామండీ అంటారు. కానీ మొదటిరోజు సంచి పట్టుకెళ్తే మీరు సరుకులిచ్చేవాళ్లయిపోతారు, రెండోసారి వాళ్ల చూపు మీ మొహం కంటే ముందు మీ చేతి మీద పడుతుంది. "మీకేం కావాలి?" అని కూడా అడగకండి. ఆ ప్రశ్నకు ఆత్మాభిమానం ఉన్న మనిషి చెప్పే జవాబు "ఏమీ వద్దు" అనే. కూర్చోండి, పాత సంగతులు అడగండి, గోడ మీదున్న పెళ్లి ఫొటో ఎప్పటిదని అడగండి. తాగడానికేమైనా ఇస్తే పుచ్చుకోండి, వద్దనకండి. వాళ్లింట్లో వాళ్లే పెద్దవాళ్లు.

చూడాల్సినవి చాలా ఉంటాయి. విప్పని ఉత్తరాలు, మాడిపోయిన బల్బు, స్నానాలగదిలో పట్టుకోవడానికేమీ లేకపోవడం, వదులైపోయిన చెప్పులు. పెద్దవాళ్లు పడిపోయేది ఎక్కువగా ఇంట్లోనే. రాత్రి చీకట్లో లేచినప్పుడు కూడా పడిపోవచ్చు. మీ కుర్రాళ్లలో ఒకడు స్టూలెక్కి బల్బు మార్చడం నెల సరుకులకంటే పెద్ద సాయం కావచ్చు. ప్రతిదానికీ "సరే సరే" అనేవాళ్లకు చాలాసార్లు చెవులు సరిగా వినపడవు, అంతే. ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడితే అసలు సంగతులు బయటికొస్తాయి.

చెప్పిన రోజుకి చెప్పిన టైముకి వెళ్లండి. మీకది వారంలో ఒక అరగంట. ఆ ఇంట్లో ఎదురుచూసే పెద్దాయనకది వారమంతటికీ ఒకే పని, పొద్దున్నే తలదువ్వుకుని చొక్కా మార్చుకుని కూర్చుంటారు. రాలేకపోతే ముందే ఫోన్ చేసి చెప్పాలి. అలా రెండుసార్లు చెప్పకుండా ఎగ్గొట్టినవారిని ఇళ్లకు వెళ్లే పని నుంచి తప్పించి లెక్కలు రాసే పనో, బండి నడిపే పనో అప్పగించండి. మొహమాటపడొద్దు.

పెద్దవాళ్ల విషయంలో సరుకులూ మందులూ ఒక ఎత్తు, దేవద్రవ్యానుమానాలు, అంటే గుడిలో అందుకునే సంస్కారాలు, ఒక ఎత్తు. "పూజకు రాలేకపోతున్నాను, పాపం మూటకట్టుకుంటున్నాను" అని కుమిలిపోయేవాళ్లు ప్రతి విచారణలో ఉంటారు. జబ్బు వల్ల రాలేనివాళ్లకు ఆదివారపు పూజ మానడం పాపం కాదని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, స్పష్టంగానే చెబుతుంది. ఆ మాట ఫాదర్ గారి నోటి నుంచి ఒకసారి వినిపిస్తే చాలు, ఆ ఇంట్లో సగం టెన్షన్ పోతుంది. దివ్యసత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్న నియమం కూడా వృద్ధులకూ రోగులకూ వర్తించదు. 1983 నాటి శ్రీసభ చట్టం 919వ సూత్రంలో ఉందది, వాళ్లను చూసుకునే వాళ్లకు కూడా సడలింపు ఉంది. షుగర్ ఉన్న పెద్దావిడ పొద్దున్నుంచీ ఏమీ తినకుండా కూర్చుంటే ఈ సంగతి చెప్పాల్సింది మీరే.

దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లడానికి అనుమతి పొందినవాళ్లే వెళ్లాలి, గుడి నుంచి నేరుగా ఆ ఇంటికే వెళ్లాలి, దారిలో ఇంకో పని పెట్టుకోకూడదు. మిగిలినవాళ్లు ముందుగా వెళ్లి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, టీవీ ఆపి ఉంచొచ్చు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం) మాత్రం గురువులే ఇవ్వాలి. ఇక్కడ మీకు ఇంట్లోవాళ్లతోనే చిక్కు వస్తుంది. ఫాదర్ గారిని పిలుద్దామంటే "అప్పుడేనా?" అని ఏడుపు మొదలవుతుంది. ఆ సంస్కారం చివరి ఊపిరికి మాత్రమే కాదు, జబ్బు వల్లో వయసు వల్లో ప్రాణాపాయం మొదలవుతున్నప్పుడే తీసుకోవచ్చు, మళ్లీ జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. మనిషి తెలివిలో ఉండగా, తానూ ప్రార్థనలో పాల్గొనగలిగినప్పుడు పిలవడం ఎంతో మేలు. ఈ మాట జబ్బు ముదిరాక చెబితే ఎక్కదు, మామూలు రోజుల్లో కబుర్ల మధ్య చెప్పి ఉంచండి.

ఇంకో సంగతి. పెద్దవాళ్లకూ పని ఇవ్వండి. ఫలానా ఇంట్లో బాబుకి ఆపరేషనుంది, ఫలానా అమ్మాయికి ఉద్యోగం పోయింది, ఈ వారం వాళ్ల కోసం జపమాల చెప్పండి అని అడగండి, వాళ్లు సరేనంటేనే పేర్లు చెప్పండి. పై వారం వెళ్లేసరికి "ఆ బాబుకెలా ఉంది?" అని మీకంటే ముందు ఆవిడే అడుగుతారు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. విన్సెంట్ డి పాల్ సొసైటీ సమావేశాల్లో రహస్య చందా అని ఒక సంచి చేతులు మారుతుంది, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియదు, వేయలేనివాళ్లు ఉత్త చేయి పెట్టి తీసేస్తారు. పేదవాడు కూడా తలెత్తుకుని సభ్యుడిగా ఉండగలిగేది అందువల్లే. లెక్కించేటప్పుడు ఇద్దరుండాలి, లెక్క ప్రతి సమావేశంలో చదవాలి. బ్యాంకులో పెంచుకుంటూ కూర్చోకండి, వచ్చింది వచ్చినట్టు అవసరానికి పోవాలి. చేతికి నగదు ఇచ్చే కంటే మందుల షాపుకో, ఫీజు కట్టాల్సిన చోటో నేరుగా కట్టండి. అప్పుగా మాత్రం ఇవ్వకండి. తీర్చలేనివాడు మిమ్మల్ని చూసి తలుపేసుకుంటాడు, మీకు డబ్బూ పోతుంది, ఆ ఇల్లూ పోతుంది.

పెద్దవాళ్ల డబ్బు జోలికి అసలు వెళ్లకండి. వాళ్లు నమ్మి ఏటీఎం కార్డు చేతిలో పెడతారు, పిన్ నంబరు కాగితం మీద రాసిస్తారు. పుచ్చుకోవద్దు. వీలునామా మీద సాక్షి సంతకం వద్దు, నామినీగా పేరు వద్దు, బంగారం దాచిపెట్టమంటే వద్దు. ఎక్కడో ఉన్న కొడుకూ కూతురూ ఒకరోజు వచ్చి అడిగే ప్రశ్నలకు మీ దగ్గర మంచి మనసు తప్ప ఇంకే ఆధారమూ ఉండదు. తాళంచెవి తీసుకోవాల్సొస్తే ఎవరి దగ్గరుందో పుస్తకంలో రాసి, ఫాదర్ గారికి తెలియజేయండి. మీ మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) వృద్ధులు, పిల్లల భద్రతకు నియమాలుంటే మొదటి సమావేశంలోనే చదివి సంతకాలు పెట్టండి.

ఫొటోలు మానేయండి. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మత్తయి సువార్తలో ఉంది, దాతలకు ఫొటో చూపించాలన్న మాట ఎక్కడా లేదు. అడిగే దాతకు పేర్లు లేని లెక్క కాగితం ఇవ్వండి, నికార్సైన దాతకు అది చాలు. వాట్సాప్ గ్రూపులో కూడా కుటుంబాల పేర్లు రాయకండి. మేం ఇళ్లకు నంబర్లు పెట్టుకున్నాం, "మూడో ఇంటికి గురువారం ఎవరు?" అంటే మాకు తెలుస్తుంది, ఫోన్ చూసిన పక్కవాడికి తెలియదు.

కతోలికులు కానివాళ్లకు చేయొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. చేయాలి. 2005 నాటి 'దేవుస్ కారితాస్ ఎస్త్' అనే విశ్వలేఖలో (సంఘమంతటికీ రాసిన లేఖలో) పోపు 16వ బెనెడిక్ట్ ఈ విషయం తేల్చేశారు, ప్రేమసేవను మతం మార్పించే సాధనంగా వాడకూడదని. కాబట్టి సంచిలో కరపత్రం వద్దు. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేయండి.

మీ వల్ల కానివీ ఉంటాయి. 1839లో జాన్ జుగాన్ అనే ఆవిడ చూపులేని ఒక ముసలి వితంతువును తన ఇంటికి తెచ్చి, తన మంచం ఆమెకిచ్చి తాను అటక మీద పడుకుంది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సభ అలా మొదలైంది, 2009లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అది ఆమె పిలుపు. మీ బృందం మంచాన పడ్డవాళ్లను లేపి తిప్పడం, మందుల మోతాదు మార్చడం, గాయాలకు కట్లు కట్టడం లాంటివి చేయకూడదు, వాటికి నర్సులున్నారు. ఒంటిమీద దెబ్బలు కనిపించినా, ఇంట్లోవాళ్లు అన్నం పెట్టడం లేదని తెలిసినా, "ఇక బతకాలని లేదు" అన్న మాట పదేపదే వినిపించినా, అది మీలో మీరు దాచుకునే రహస్యం కాదు. ఆ రోజే ఫాదర్ గారికీ, అవసరమైతే డాక్టరుకో అధికారులకో చెప్పాలి.

బృందం నిలబడేది సమావేశాల వల్ల. వారానికి కాకపోతే పదిహేను రోజులకైనా కూర్చోండి, గంట దాటనివ్వకండి. ప్రార్థన, ఇళ్ల సంగతులు, లెక్క, వచ్చే వంతులు. పండుగ పంపిణీలు పూర్తిగా మానమనను, జనం ఎలాగూ ఇస్తారు. కానీ కొత్తవాళ్లను చేర్చుకోవడానికి నవంబరులో వచ్చే పేదల దినోత్సవాన్ని వాడుకోండి. పోపు ఫ్రాన్సిస్ పెట్టిన ఆ రోజు 2017 నుంచి జరుగుతోంది, క్రీస్తురాజు పండుగకు ముందు ఆదివారం. 2021 నుంచి జులై నాలుగో ఆదివారం తాతయ్యలు, నాయనమ్మలు, వృద్ధుల దినోత్సవం. ఆ రోజు బండ్లున్నవాళ్లందరినీ అడిగి, నెలల తరబడి గుడి చూడనివాళ్లను పూజకు తీసుకురండి. ఆ ఒక్క పూటకు వచ్చిన డ్రైవర్లలో కొందరు మళ్లీ వస్తారు.

చివరిగా, చేరాలా విడిగా ఉండాలా అన్నది. మీ విచారణలో విన్సెంట్ డి పాల్ సొసైటీ శాఖ ఇప్పటికే ఉంటే, అది నీరసంగా ఉన్నా సరే, పోటీగా ఇంకోటి పెట్టకుండా అందులోనే చేరండి. వాళ్లకు కుర్రాళ్లు కావాలి, మీకు వాళ్ల దగ్గరున్న ఇళ్ల జాబితా కావాలి. లీజియన్ ఆఫ్ మేరీ అనే ఇంకో కతోలిక బృందం ఉంటే దాని పద్ధతి వేరు. 1921లో డబ్లిన్‌లో దాన్ని మొదలుపెట్టిన ఫ్రాంక్ డఫ్ స్వయంగా విన్సెంట్ డి పాల్ సొసైటీ సభ్యుడే, అయినా లీజియన్ సభ్యులు ఇళ్లకు వెళ్తారు గానీ డబ్బు, సరుకుల రూపంలో సాయం చేయకూడదని నియమం పెట్టారు. వాళ్లు పోటీ కాదు, అవసరం ఎక్కడుందో మీకు చెప్పగలిగేవాళ్లు. రెండూ లేకపోతే ఆర్నెల్లు మీ అంతట మీరే ఆ నాలుగిళ్లకు వెళ్లండి, పేరూ బ్యానరూ ఏమీ పెట్టకండి. అప్పటికి ఎందరు మిగిలారో చూసుకుని, ఫాదర్ గారితో మాట్లాడి, సొసైటీ మేత్రాసన శాఖకు రాయండి. కొత్త శాఖ ఎలా పెట్టాలో వాళ్లే వచ్చి చెబుతారు.